కూనల బరువులో తల్లి జబ్బు: కొత్తవాడ మగ్గం గుంత నుంచి ఒక కేస్ స్టడీ

వీధి పిల్లుల కేసులు నా దగ్గరికి ఫోనులోనే వస్తాయి. పట్టుకుని బుట్టలో పెట్టి తీసుకురావడానికి అవి లొంగవు గనుక హన్మకొండలోని నా క్లినిక్ మూసిన తర్వాత నేనే వెళ్లి చూసి రావడం అలవాటైంది. ఈ కేసు కూడా అలాగే, ఆషాఢంలో ముసురు పట్టిన ఒక సాయంత్రం మొదలైంది. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి నుంచి ఇంటర్ చదివే కుర్రవాడు ఫోన్ చేసి, "మా మగ్గం గుంతల పిల్లి పిల్లల్ని పెట్టింది సార్, రాత్రి నుంచి అవి ఒక్కతీరుగ ఏడుస్తున్నయి, తల్లేమో దగ్గరికి రానిస్తలేదు" అన్నాడు. ఈ కేసులో నయమైన జబ్బు అరుదైనదేమీ కాదు. దానిని ఏ దారిన పట్టుకున్నామో, నా తొందరపాటు వల్ల మధ్యలో ఏం పోగొట్టుకున్నామో చెప్పడానికే దీనిని పూర్తిగా రాస్తున్నాను.

2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీలను, అంటే ఈ జంపఖానాలనే, నేసే పాత ఇళ్లు కొత్తవాడలో ఇంకా ఉన్నాయి. గుంట మగ్గం ఉన్న గదిలో నేత మనిషి కాళ్లు పెట్టుకునే గుంత నేలకన్నా రెండడుగులు లోతుగా, చీకటిగా, నూలు పీచుతో మెత్తగా ఉంటుంది. కనబోయే పిల్లి కోరుకునేవన్నీ అక్కడ ఉన్నాయి. పైగా ఆ ఇంట్లో రెండో మగ్గం మీద పని కొన్ని వారాలుగా ఆగిపోయింది. దానిని నేసే అవ్వకు మోకాళ్ల నొప్పులు ముదిరాయట. గుంతలో కాళ్ల అలికిడి లేకపోవడంతో పిల్లి దానిని తన సొంతం చేసుకుంది.

తొలి రోజు

తల్లి చారల పిల్లి, వయసు రెండేళ్లు ఉండవచ్చు. నన్ను చూడగానే చెవులు వెనక్కి వాల్చి బుసకొట్టింది కాబట్టి మొదటి పది నిమిషాలు గది గుమ్మంలోనే కూర్చుని చూశాను. కూనలు పాలకు పాకినప్పుడు అది పక్కకు తిరిగి పడుకోలేదు, బోర్లా ముడుచుకునే ఉంది. కుర్రవాడు పెట్టిన చేప ముక్కను వాసన చూసి వదిలేసింది. ఆ తర్వాత లేచి గోడ దూకి వెళ్లిపోయింది. కూనలను పరీక్షించడానికి అదే అదను.

నాలుగు కూనలు. కళ్లు మూసుకునే ఉన్నాయి, చెవులు ముడుచుకుని ఉన్నాయి, బొడ్డుపేగు ఎండి రాలిపోయింది. వీటిని బట్టి వయసు సుమారు ఐదు రోజులని లెక్కవేశాను. పుట్టినప్పుడు పిల్లికూన సాధారణంగా 90 నుంచి 110 గ్రాములు ఉండి, రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరుగుతూ రెండు వారాలకు రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఐదో రోజుకు 150 గ్రాములకు అటూఇటూ ఉండాలి. ఇంట్లో నూలు తూచే కాటా ఉంది కానీ అది ఐదేసి గ్రాముల తేడానే చూపుతుంది. రోజుకు పది గ్రాముల పెరుగుదలను వెతికే పనికి అది చాలదు గనుక నా సంచిలోని, ఒక్క గ్రాము తేడానూ చూపే కాటా తీశాను. నల్లది 128, పసుపుది 121, చారలది 117, తెల్లమచ్చది 84 గ్రాములు ఉన్నాయి. గుర్తుకోసం మెడలకు రంగు పోగులు కడతామని ఇంటివాళ్లు అన్నారు, వద్దన్నాను. కూన వారంలోనే లావవుతుంది, మెడలోని పోగు మాత్రం లావు కాదు. నాలుగూ నాలుగు రంగులు కావడం మా అదృష్టం.

తెల్లమచ్చది చేతికి చల్లగా తగిలింది. మొదటి వారంలో కూన ఒంటి వేడి 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, దీనిది 34.1 ఉంది. తోక కింద పచ్చటి నీళ్ల విరేచనం అంటుకుని ఉంది. అడిగితే, ఆకలికి ఏడుస్తున్నాయని మధ్యాహ్నం నుంచి గేదె పాలను చుక్కలమందు గొట్టంతో పోశామని చెప్పారు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి మన సామెతల్లో ఎంత పాతుకుపోయిందంటే, పాలు పిల్లికి సహజమైన ఆహారమని అందరూ నమ్ముతారు. పిల్లి పాలలో ఉన్నన్ని మాంసకృత్తులు మన ఇంటి పాలలో ఉండవు, మన ఇంటి పాలలోని లాక్టోజ్‌ను కూన పేగులు ఆ మోతాదులో అరిగించుకోలేవు. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. ఒళ్లు చల్లబడిన కూనలో పేగుల కదలిక ఆగిపోతుంది, అప్పుడు పోసిన పాలు కడుపులోనే పులుస్తాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి జారతాయి. అందుచేత ముందు వెచ్చదనం, ఆ తర్వాతే ఆహారం. గోరువెచ్చని నీళ్ల సీసాలకు పాత నూలు గుడ్డ చుట్టి ఇరువైపులా పెట్టించి, గంటన్నరలో 36 డిగ్రీలకు తెచ్చి, చిగుళ్ల మీద గ్లూకోజ్ చుక్కలు రాసి, ఆ తర్వాత కూనల పాలపొడి కలిపి బోర్లా పడుకోబెట్టి మూడు మి.లీ. పట్టించాను. మనుషుల పిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి పడితే ఊపిరాడక పోతుంది. ఇది ఎన్నిసార్లు చెప్పినా జనం చేతులు వెల్లకిలావైపే పోతాయి.

ఇక తప్పు దగ్గరికి వస్తాను. గుంత అడుగున వాన ఊట చెమ్మగా తగిలింది. తడి గుంతలో కూనలు బతకవని నిర్ణయించి, శుభ్రమైన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డలు వేయించి, నాలుగింటినీ ముందుగదిలో, అందరి కళ్లెదుట ఉండేలా పెట్టించాను. నా ఉద్దేశం మంచిదే, చెమ్మ గురించి నా అంచనా కూడా సరైనదే. కానీ ఆ గదిలో టీవీ ఉంది, ట్యూబ్‌లైటు ఉంది, మనుషులున్నారు, తల్లికి తెలిసిన వాసన ఒక్కటీ లేదు. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని చిన్నప్పటి నుంచి వింటున్న మాటను నేను ఆ రాత్రి లెక్కలోకి తీసుకోలేదు. గూడు చోటు బయటపడిందని అనుమానం వస్తే తల్లి చేసే మొదటి పని గూడు మార్చడమే.

తెల్లవారేసరికి పెట్టెలో తెల్లమచ్చది ఒక్కటే మిగిలింది. అది చనిపోయి ఉంది. మిగిలిన మూడింటినీ తల్లి రాత్రికి రాత్రే ఎక్కడికో మోసుకుపోయింది. బలహీనమైన కూనను తల్లి వదిలేయడం కొత్త విషయం కాదు, అది ఎలాగూ బతికేది కాదని కూడా వాదించవచ్చు. కానీ ఆ రాత్రి తల్లి పక్కన, తల్లి వేడిలో ఉండి ఉంటే దానికి ఒక అవకాశం మిగిలి ఉండేదన్నది నా అభిప్రాయం. మనుషులు ముట్టుకున్నందువల్లే తల్లి దానిని వదిలేసిందని అవ్వ అన్నది. ముట్టుకోవడం వల్ల కాదనీ, చోటు మార్చడం వల్లననీ, చోటు మార్పించింది నేనేననీ ఆమెకు చెప్పాను.

కాటా చెప్పిన సంగతి

మధ్యాహ్నం దాకా వెతికితే మూడు కూనలూ పక్కింటి వెనుక రేకుల పందిరి కింద, నూలు చిక్కుల మూటల సందులో కనిపించాయి. నేలకు ఎత్తుగా ఉంది, పొడిగా ఉంది, చీకటిగా ఉంది. నేను పెట్టెతో చేయాలనుకున్న పనిని తల్లి నాకన్నా మెరుగ్గా చేసుకుంది. ఈసారి వాటిని కదపలేదు. పక్కింటివారిని ఒప్పించి, జల్లు కొట్టే వైపు ఒక టార్పాలిన్ కట్టించి, గండుపిల్లి చొరబడకుండా మూటలను అటూఇటూ జరిపి ఒకే ఒక ఇరుకు దారి మిగిల్చాము. తనవి కాని కూనలను గండుపిల్లి చంపుతుందన్న ఇంటింటి మాటలో నిజముంది. మగ్గం గుంతలో అవి పడుకున్న పాత జంపఖానా ముక్కను ఎండబెట్టి, ఉతకకుండానే, ఆ మూటల మధ్యకు చేర్చాము.

తల్లి తిండికి లేచినప్పుడు కూనలను తూచాను. ఇరవై నాలుగు గంటల తర్వాత నల్లది 128 నుంచి 138కి పెరిగింది. పసుపుది 121 నుంచి 119కి, చారలది 117 నుంచి 112కి పడిపోయాయి. నిన్నటి అంకెలు మాత్రమే చూసి ఉంటే తల్లికి పాలు తక్కువనే అనుకునేవాణ్ణి, చాలామంది అలాగే అనుకుంటారు. కానీ పాలు తక్కువైతే మూడూ తగ్గాలి గదా! ఒకటి పది గ్రాములు పెరగడమేమిటి, పక్కనే ఉన్న రెండు తరగడమేమిటి?

దీనికి జవాబు కూనల అలవాటులో ఉంది. పిల్లికూనలు పుట్టిన రెండు మూడు రోజులకే తమకంటూ ఒక చన్నును ఎంచుకుంటాయి. కళ్లు తెరవకముందే, వాసనను బట్టి, ఎక్కువసార్లు దాని దగ్గరికే పాకుతాయి. పిల్లికి సాధారణంగా నాలుగు జతలు, అంటే ఎనిమిది చన్నులుంటాయి. ఒక వైపు చన్నుల్లో పాలు ఆగిపోతే, ఆ చన్నులకు అలవాటుపడిన కూనలు మాత్రమే చిక్కిపోతాయి, మిగతావి నిక్షేపంగా పెరుగుతాయి. కుర్రవాణ్ణి అడిగితే, కిందటి రోజుల్లో తాను తీసిన ఫోన్ వీడియో చూపించాడు. నల్లది ముందు చన్నుల దగ్గర ఉంది. పసుపుది, చారలది ఎడమ వైపున, వెనుక కాళ్ల మధ్య ఉన్నాయి. జబ్బు తల్లి ఎడమ వెనుక పొదుగులో ఉండాలని, తల్లిని ముట్టుకోకముందే అక్కడ నిర్ధారణకు వచ్చాను. మగ్గం దగ్గర కూర్చున్న అవ్వ కూడా ఆ వీడియో చూసి, "అంటే అటుదిక్కు పాలు గడ్డకట్టినయన్నట్టు" అని నాకన్నా ముందే తేల్చేసింది.

తల్లిని పట్టుకోవడానికి మూత ఉన్న బుట్టలో వేయించిన చేప పెట్టి, బుట్టమీద గుడ్డ కప్పి, అందరినీ లోపలికి పంపి గంటసేపు ఆగాము. బుట్టలోకి వచ్చింది కానీ, మూత వేసే క్షణంలో కుర్రవాడు చేయి అడ్డం పెట్టడంతో మణికట్టు మీద గోరు గీరుకుని రక్తం వచ్చింది. ఆ పని చేతితొడుగులు వేసుకుని నేను చేయవలసింది. వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగించి, ఆ సాయంత్రమే ప్రభుత్వ ఆసుపత్రికి పంపాను. 0, 3, 7, 28 రోజుల్లో చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా నాలుగు విడతలూ పూర్తిచేయించాము. పిల్లి గీరితే ఏమవుతుందిలే అనే మాట మన దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. టీకా చరిత్ర తెలియని వీధి జంతువు గోరు రక్తం తెప్పించినప్పుడు ఆ మాటకు తావులేదు.

తువ్వాలులో చుట్టి పరీక్షించగా తల్లి బరువు 2.7 కిలోలు, ఒంటి వేడి 40.1 డిగ్రీల సెల్సియస్ ఉన్నాయి. పిల్లికి మామూలు వేడి 38.1 నుంచి 39.2 వరకు. ఎడమవైపు వెనుక రెండు చన్నుల పొదుగు గట్టిపడి, వేడిగా, ఊదారంగుకు తిరిగి ఉంది. పిండితే గోధుమరంగు చిక్కటి ద్రవం వచ్చింది. గర్భాశయం నుంచి వచ్చే స్రావం కొద్దిగానే ఉంది, దుర్వాసన లేదు కాబట్టి గర్భాశయ వాపును పక్కన పెట్టి, పొదుగువాపుగా నిర్ధారించాను. నొప్పి వల్లే అది కూనలకు పక్క ఇవ్వలేదు, పాలు తీయకపోవడం వల్ల వాపు మరింత బిగిసింది.

చికిత్స

చర్మం కింద 100 మి.లీ. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ వంటి ద్రవం ఎక్కించాను. అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన యాంటీబయాటిక్ మందును కిలో బరువుకు 12.5 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, పదిరోజులు ఇచ్చాము. పాలిచ్చే పిల్లికి ఏ మందు ఇచ్చినా కొంత పాలలోకి దిగుతుంది, అందుకే కూనల ఎముకలకు, పళ్లకు, కీళ్లకు చెరుపు చేసే టెట్రాసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ వంటివాటి జోలికి పోలేదు. నొప్పికి మెలోక్సికామ్ ఇద్దామా అని ఒక క్షణం ఆలోచించి, పాలిచ్చే పిల్లికి, అదీ నీరు తగ్గిన ఒంట్లో, మంచిది కాదని ఆగిపోయాను. జ్వరానికి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ సగం బిళ్ల వేయవచ్చా అని కుర్రవాడు అడిగాడు. అడిగినందుకు సంతోషించాను, ఎందుకంటే అడగకుండానే వేసేవారున్నారు. ఆ మందును విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా కొరతగా ఉంటుంది. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి చేరి, ఒక్క బిళ్లతో పిల్లి చనిపోగలదు.

మందును చేప గుజ్జులో కలిపి కుర్రవాడే పెట్టేవాడు, రెండు పూటలూ ఒకే వేళకు, ఒకే చోట. పొదుగుకు వేడి కాపడం మాత్రం మేమనుకున్నట్లు సాగలేదు. మొదటి రెండు రోజులు నేనే వెళ్లి, గోరువెచ్చని గుడ్డతో కాపి, ఆ ద్రవాన్ని మెల్లగా పిండాను. మూడో రోజు అది ససేమిరా అన్నది. అయితే అప్పటికే జ్వరం దిగి, పక్కకు వాలి పడుకోవడం మొదలుపెట్టింది. కూనలు చప్పరించడంకన్నా మంచి కాపడం ఏముంటుందని నేను కూడా వదిలేశాను. పొదుగు చితికి పుండు పడితే తప్ప కూనలను తల్లి నుంచి వేరుచేయనవసరం లేదు.

ఈ నాలుగు రోజులూ పసుపుదానికి, చారలదానికి పూటకు నాలుగైదు మి.లీ. చొప్పున, నాలుగు గంటలకోసారి పాలపొడి పట్టించాము. నల్లదానికి చుక్క కూడా ఇవ్వలేదు. కూన మూత్రం, మలం విడవాలంటే మొదటి మూడు వారాలు తల్లి నాకడం తప్పనిసరి. తల్లి ఉన్నది గనుక ఆ పని దానికే వదిలేశాము. తల్లిలేని కూనలైతే పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో తుడిచి ఆ పని మనమే చేయాలి. తెచ్చి పెంచుకోవాలనుకునేవారు ఇక్కడే తడబడతారు.

కాటాను అక్కడే వదిలి వచ్చాను. ప్రతి ఉదయం ఆరింటికి, తల్లి తిండికి లేచే వేళ, కుర్రవాడు నల్లది, పసుపుది, చారలది వరుసలో మూడు అంకెలు పంపేవాడు. పుట్టిన పదో రోజున 175, 150, 141. పద్నాలుగో రోజున 225, 195, 188. కళ్లు తొమ్మిదో రోజున ఒకదాని తర్వాత ఒకటిగా తెరుచుకున్నాయి. ఇరవై ఒకటో రోజున 310, 280, 268. ఆ మధ్యలో తల్లి పొదుగు రంగు మారి, మెత్తబడి, చివరి చన్ను మాత్రం పాలు లేకుండా చిన్న గడ్డగా మిగిలిపోయింది. పసుపుది మరో చన్నుకు మారిపోయింది. చారలది చాలా రోజులు ఆ ఎండిన చన్ను దగ్గరికే ముందు వెళ్లి, ఆ తర్వాతే పక్కదానికి జరిగేదట.

తిండి, పురుగులు, పోగులు

పాలిచ్చే పిల్లికి మూడు నాలుగు వారాల వేళ మామూలుకన్నా రెండు మూడు రెట్లు తిండి కావాలి. అన్నం, పెరుగు పెట్టి కడుపు నింపవచ్చు కానీ, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం ముఖ్యంగా మాంసం, చేపల నుంచే దొరుకుతుంది. ఆ ఇంట్లో ఆదివారం కోడికూర వండుతారు. ఉల్లి, వెల్లుల్లి పడకముందే, ఉప్పుకారం వేయకముందే రెండు ముక్కలు పక్కకు తీసి ఉడికించి పెట్టమన్నాను, ఎందుకంటే ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రకణాలను పగలగొడతాయి. మిగతా రోజులు చిన్న చేపలు, గుడ్డు, కూనలకోసం చేసిన ఎండు తిండి.

కూనల ఒంట్లో గెంతే పురుగులున్నాయి. వాటి నల్లటి రెట్టను తడి కాగితం మీద రుద్దితే ఎరుపు తేలుతుంది, అది కూన రక్తమే. అరకిలో కూడా లేని ప్రాణి నుంచి అవి తాగే రక్తం పాండురోగానికి చాలు. పేనుదువ్వెనతో దువ్వి సబ్బునీళ్లలో ముంచడం తప్ప మొదటి వారాల్లో మరేమీ చేయనివ్వలేదు. కుక్కలకోసం అమ్మే పెర్మెత్రిన్ మందులు పిల్లికి విషమని ఆ ఇంటి గోడ మీద రాసి పెట్టించాను. నులిపురుగులు తల్లి పాల ద్వారా కూనలకు వస్తాయి గనుక మూడో వారం నుంచి రెండు వారాలకోసారి పైరంటెల్ ఇచ్చాము, తల్లికి కూడా అదే రోజు.

ఐదో వారంలో కూనలు మగ్గం గదిలోకి ఆటకు రావడం మొదలుపెట్టాయి. నేతింట్లో అసలు గండం అక్కడుంది. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలివైపు వంగి ఉంటాయి కాబట్టి నోట్లో పడిన పోగును అది ఉమ్మలేదు, మింగుతూ పోతుంది. పోగు ఒక కొస నాలుక కింద చిక్కుకుని, మిగతాది పేగులోకి దిగితే, పేగు ముడతలుపడి దానిమీదే కోసుకుపోతుంది. ఆరో వారంలో పసుపుది రెండుసార్లు కక్కి ముడుచుకుని పడుకుంది, తోక కింద అంగుళం పోగు వేలాడుతోందని ఫోన్ వచ్చింది. లాగవద్దు, కత్తిరించనూ వద్దు, అలాగే తీసుకురమ్మన్నాను. నాలుక కింద ఏమీ లేదు, పొట్ట మెత్తగానే ఉంది. ఒక రాత్రి గమనింపులో ఉంచుకున్నాను. తెల్లవారేసరికి జానెడు నూలు పోగు మలంతో పాటు బయటపడింది. ఆ మర్నాటి నుంచి కండెలు, చిక్కులు మూత ఉన్న డబ్బాల్లోకి చేరాయి.

ఎనిమిదో వారానికి బరువులు 850, 790, 760 గ్రాములు. మొదటి టీకా వేసి, పసుపుదానిని, చారలదానిని రెండిళ్లకు ఇచ్చారు. నల్లదానిని ఎవరూ అడగలేదు, ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. అవ్వ దానిని తనే ఉంచుకుంది.

తల్లికి పిల్లలు పుట్టని ఆపరేషన్‌ను పుస్తకం ప్రకారమే పెట్టుకున్నాను. కూనలు పాలు మానిన తర్వాత రెండు వారాలు ఆగితే పొదుగు ఆరుతుంది, కోత శుభ్రంగా వస్తుంది. పొదుగుకు తగలకుండా ప్రక్క నుంచి కోసి తెరిచాను. గర్భాశయం కొమ్ముల్లో అప్పటికే మూడు చిన్న ఉబ్బులు వరుసగా ఉన్నాయి. పాలిస్తూనే పిల్లి ఎదకు రావచ్చునని నాకు తెలుసు, మరొకరికి చెప్పి కూడా ఉన్నాను. ఇంట్లో పెరిగే పిల్లికి చెల్లే ఆ రెండు వారాల గడువును గోడలు దూకే పిల్లికి కూడా ఇచ్చాను. ఇప్పుడు వీధి తల్లులకు, కూనలు గట్టి తిండికి అలవాటుపడగానే, పొదుగు ఆరినా ఆరకపోయినా, ప్రక్క కోతతో చేసేస్తున్నాను. గర్భాశయం, అండాశయాలు తీసివేసి, గుర్తుకు ఎడమ చెవి కొస కత్తిరించి, మూడో రోజున కొత్తవాడకే చేర్చాను.

లోపల కనబడినది దాచకుండా చెప్పాను. అవ్వ కాసేపు కండెను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుని, "మళ్ల కడుపుతోని ఉండెనా సారూ? ఆ చన్ను ఇంకా ఎండిపోయే ఉన్నదాయె" అన్నది.